ఏడు సీట్లు, ఐదు బస్తాలు

కిందటి ఏడాది వరి కోతలకు పది రోజుల ముందు మా ఇంటికి ఏడు సీట్ల కారు వచ్చింది. కొత్తది కాదు. ఆరేళ్లు ఎవరో డాక్టరు ఇంట్లో తిరిగి, సీటు కవర్లు కూడా చిరగకుండా మా దాకా చేరింది. మా ఆయన సునీల్‌కుమార్ కామారెడ్డి కరెంటాఫీసులో బిల్లుల సెక్షన్‌లో పనిచేస్తారు. పద్దెనిమిదేళ్లు మోటార్ సైకిల్ మీదే గడిపిన మనిషి, ఆ రోజు కారు చుట్టూ మూడుసార్లు తిరిగి, వెనక డోరు ఎత్తి, చివరి వరుస సీటు మడిచి, మళ్లీ తెరిచి, వాళ్ల బాపుకు ఫోన్ కలిపి, నువ్వే చెప్పు అని నా చేతికిచ్చారు.

మా మామ యాకూబుది లింగంపేట దాటాక లోపలికి ఉన్న ఊరు. మూడెకరాల వరి. మా మరిది యోబు, అతని భార్య ఎస్తేర్ అక్కడే ఉండి సేద్యం చూసుకుంటారు. ఫోన్‌లో నేను ఏడు సీట్లు అనగానే మామ, వెనక ఎంత జాగ ఉంటదని అడిగారు.

ఆ జాగ ఎంతో ఆ నెలలోనే తెలిసింది. ప్రతి ఆదివారం ఊరికి పోవడం, వచ్చేటప్పుడు బియ్యం బస్తాలు, మక్కజొన్నలు, గుమ్మడికాయలు వేసుకోవడం. మా దగ్గర ఖాళీగా పోతున్న బండిలో దారిలో ఉన్నవాళ్లను ఎక్కించుకోకపోతే ఏడాది పాటు చెప్పుకుంటారు. "జర జరుగుండ్రి" అన్న ఒక్క మాటతో ఎనిమిదో మనిషికి, ఒక్కోసారి తొమ్మిదో మనిషికి కూడా చోటు పుడుతుంది. మా అమ్మాయి తార ఆ నెలంతా నా ఒళ్లోనో, బస్తాల మీదో కూర్చుని ప్రయాణం చేసింది. పదిహేనేళ్ల పిల్ల, కాళ్లు చాపడానికి లేక ముడుచుకుని కూర్చునేది.

బండి వెనక భాగం కిందికి దిగుతోందని మొదట గమనించింది నేనే. తాడ్వాయి దగ్గర స్పీడు బ్రేకరు దాటినప్పుడల్లా అడుగున ఏదో గీసుకున్న చప్పుడు. మా ఆయన కారును మెకానిక్ రాములు దగ్గరికి తీసుకుపోయారు. రాములు వెనక స్ప్రింగుల మధ్య లావుపాటి రబ్బరు ముక్కలు దూర్చాడు. బండి నాలుగు వేళ్ల ఎత్తు లేచింది. ఆ వారం చప్పుడు లేదు. ఇక ఎంత వేసినా ఫికర్ లేదని మా ఆయన సంతోషపడ్డారు.

మరుసటి ఆదివారం ఎనిమిది మందిమి ఉన్నాం. నాలుగు బియ్యం బస్తాలు, ఒక మక్కల సంచి. లింగంపేట నుంచి కామారెడ్డి వైపు వస్తుంటే అడవి దగ్గర ఒక బర్రె రోడ్డు మీదికి వచ్చి నిలబడింది. చాలా దూరం నుంచే కనిపించింది. మా ఆయన కూడా చాలా దూరం నుంచే బ్రేకు తొక్కారు. నేను పక్క సీట్లో ఉన్నాను కనుక ఆయన కాలు చూశాను, పూర్తిగా కిందికి పోయింది. బండి మాత్రం పోతూనే ఉంది. బర్రె తోక ఊపి ఒక అడుగు ముందుకేసింది. మేము దాని వెనక జానెడు దూరంలో ఆగాం.

వెనక కూర్చున్నవాళ్లు నవ్వారు. బ్రేకులు జర టైట్ చేపియ్యాలె అన్నారు మా ఆయన. ఇల్లు చేరాక కారు కాగితాలు బయటికి తీశాను.

నేను డిగ్రీలో లెక్కలు చదివాను. పెళ్లయ్యాక ఆ లెక్కలు పిల్ల హోంవర్కుకు తప్ప దేనికీ పనికిరాలేదు. రిజిస్ట్రేషన్ కార్డు మీద ఖాళీ బండి బరువు పదకొండు వందల ఎనభై ఐదు కిలోలని ఉంది. బండితో వచ్చిన పుస్తకం చివర ఒక పట్టికలో, నిండు బండి బరువు పదిహేడు వందల అరవై దాటకూడదని ఉంది. తీసేస్తే ఐదు వందల డెబ్బై ఐదు. ఏడు సీట్ల బండి కదా, ఏడుగురిని బండి బరువులోనే కలిపి ఉంటారు, ఈ ఐదు వందల డెబ్బై ఐదు సామానుకు అనుకున్నాను. అంటే పద్నాలుగు వడ్ల బస్తాలు. మనం వేసింది అందులో సగం కూడా లేదు, తప్పు బ్రేకులదే. మా ఆయనకు అలాగే చెప్పాను. ఆయన వాళ్ల బాపుకు చెప్పారు.

నాలుగు రోజుల తర్వాత ఎస్తేర్ ఫోన్ చేసింది. ఏం చెప్పినవక్కా మామకు, ఊరంత తిరిగి చెప్తున్నడు అంది నవ్వుతూ. బుధవారం సాయంత్రం ఎల్లారెడ్డి చర్చిలో ప్రార్థన అయిపోయాక మామ లేచి నిలబడి, ఈసారి కోత పండుగకు యాకూబు ఇల్లంతా ఒక్క బండిలో వస్తుందని, ఐదు బస్తాల కొత్త వడ్లు కూడా అందులోనే వస్తాయని అందరి ముందు చెప్పారట. ఎనిమిదో మనిషిగా మంగవ్వను కూడా తీసుకొస్తానన్నారట. మంగవ్వ మా అత్తకు చిన్నమ్మ కూతురు, ఒంటరి మనిషి, బీడీలు చుట్టి బతుకుతుంది.

ఆ మాట వెనక ఏముందో నాకు తెలుసు. కోత పండుగ రోజు ఎవరి పంట వాళ్లు మోసుకొచ్చి చర్చిలో ముందు పెడతారు. మామకు తుంటి ఎముక ఆపరేషన్ అయి రెండేళ్లు మంచంలో, తర్వాత కర్రతో గడిచింది. ఆ రెండేళ్లు ఆయన కానుకను వేరేవాళ్లు పట్టుకుపోయి పెట్టారు. కాలు బాగైతే ఐదు బస్తాలు నేనే తెస్తానని ఆయన మొక్కుకున్నారు. తన పొలం నుంచి, తన మనుషులతో, తన కళ్ల ముందు. ఇప్పుడు కోడలు లెక్క చూసి బండి మోస్తుందని చెప్పింది. ఆయనకు ఇంకేం కావాలి.

పండుగకు పది రోజులుంది. బ్రేకులు చూపించడానికి మళ్లీ రాములు దగ్గరికి పోయాం. వాళ్లు బండి కింద ఉండగా నేను బెంచీ మీద కూర్చుని, చదవడానికి వేరే ఏమీ లేక, ఆ పుస్తకమే మళ్లీ తిరగేశాను. పట్టిక కింద చిన్న అక్షరాలతో రెండు వాక్యాలున్నాయి. మొదటిసారి చూసినప్పుడు వాటిని చదవలేదు. ఖాళీ బరువంటే మనుషులు, సామాను ఏదీ లేని బరువు. నిండు బరువులో డ్రైవరు, ప్రయాణికులు, సామాను అన్నీ కలిసే ఉంటాయి.

ఆ వాక్యాలు మూడుసార్లు చదివాను. ఐదు వందల డెబ్బై ఐదులో మేము కూడా ఉన్నాం. బర్రె దగ్గర ఆగిన రోజు మనిషికి అరవై ఐదు వేసుకున్నా మేమే ఐదు వందల ఇరవై. పాతిక కిలోల బస్తాలు నాలుగు, బియ్యం వంద. మక్కలు యాభై. తొంభై అయిదు కిలోలు ఎక్కువ.

నేను లేచి పోయి రాములును ఒకే మాట అడిగాను. నువ్వు పెట్టిన రబ్బరుతో బండి ఎక్కువ బరువు మోస్తుందా అని.

"మొయ్యదు మేడం. రబ్బరు పెడితే బండి లేస్తది గని బలం రాదు. బ్రేకులు గవ్వే, టైర్లు గవ్వే."

మా ఆయన బండి కింది నుంచి తల బయటికి పెట్టారు. "మరి నాకెందుకు చెప్పలె?"

"మీరు అడగలె సార్. వెనక కూసుంటుంది, లేపమన్నరు. లేపిన."

మా ఆయన కొద్దిసేపు ఆలోచించి, పోనీ పైన క్యారియర్ కొట్టిస్తే ఎట్లుంటదని అడిగారు. పైన పెట్టినా మోసేది కింది నాలుగు టైర్లే కద సార్ అన్నాడు రాములు, చేతులు తుడుచుకుంటూ. బ్రేకులు బాగానే ఉన్నాయట. వాటికి చేయవలసింది ఏమీ లేదట.

ఇంటికి వచ్చాం. గేటు దగ్గర బండి ఆపాక ఆయన స్టీరింగు మీద చేయి తీయకుండా, బాపుకు నేను చెప్పలేను సుధా అన్నారు. నాకూ చెప్పాలని లేదు. పద్దెనిమిదేళ్లలో మామకు నేను ఒక్క మాట ఎదురు చెప్పలేదు. ఆయన కూడా నన్ను ఎన్నడూ ఒక మాట అనలేదు. ఇప్పుడు ఆయన అంతమంది ముందు లేచి చెప్పిన మాటను వెనక్కి తీసుకొమ్మనాలి, అదీ నేను సగం చదివి సగం వదిలేసినందుకు. చెప్పకపోతే ఎనిమిది మందిమి, ఐదు బస్తాలు, ఎల్లారెడ్డి దాకా ఇరవై కిలోమీటర్లు. ఆ రోజు కాలు కింది దాకా పోయినా ఆగని బండి నా కళ్ల ముందు ఉంది.

పండుగకు రెండు రోజుల ముందు, శుక్రవారం, ఊరికి పోయాం. మామ ఇంట్లో లేరు, వడ్ల కొనుగోలు కేంద్రంలో ఉన్నారు. ఆ రోజు మా వడ్లు కాంటా మీద తూకం అవుతున్నాయి. అత్త లిదియా, యోబు, ఎస్తేర్, మంగవ్వ అందరూ అక్కడే, టార్పాలిన్ల మధ్య. కుప్ప పక్కన ఐదు బస్తాలు విడిగా నిలబెట్టి, మూతులు ఎర్ర దారంతో కుట్టి ఉన్నాయి. అవి పండుగవి. కాంటా దగ్గర గంగారాం ఉన్నాడు. ఊళ్లో పది ఎకరాల రైతు, ఆ సీజను కేంద్రం పని చూస్తున్నాడు. మామ ఒక్కొక్క బస్తా ఎక్కుతుంటే అంకెల వైపే చూస్తూ, తరుగు కింద ఎక్కువ తీస్తున్నారని అప్పటికే రెండుసార్లు పంచాయితీ పెట్టి ఉన్నారు. పావు కిలో కూడా పోనిచ్చే మనిషి కాదు.

బస్తాల వంతు అయిపోయి హమాలీలు చాయ్‌కి పోయినప్పుడు నేను ఆయన దగ్గరికి వెళ్లాను. మా ఆయన నా వెనక నిలబడ్డారు. కొంగు సరిచేసుకుని, పుస్తకం తెరిచి, ఆ రెండు వాక్యాలు తెలుగులో చెప్పాను. మనిషికి అరవై ఐదు వేసుకుంటే ఎనిమిది మందిమి ఇంతవుతాం, బస్తాలు ఇంతవుతాయి, బండి మోసేది ఇంత అన్నాను.

"తప్పు నాదే మామా. నేను సగమే చదివి చెప్పిన."

మామ పుస్తకం తీసుకుని, అది ఇంగ్లీషులో ఉంటుందని తెలిసి కూడా, ఆ పేజీ కేసి చూశారు. "చర్చిల అందరి ముంగట చెప్పిన బిడ్డా."

"తెలుసు మామా."

"మనుషులకు బరువేంది? మనుషులు కూసుంటరు. సామాను కదా బరువు."

"బండికి ఆ తేడా తెల్వది మామా."

మామ నావైపు కాకుండా కాంటా వైపు చూశారు. మనిషికి అరవై ఐదని నువ్వు అందాజ చెప్తున్నవు, అందాజ లెక్క నాకొద్దు అన్నారు. కర్ర గంగారాం చేతికిచ్చి, నెమ్మదిగా కాలు ఎత్తి కాంటా ఎక్కారు.

"చెప్పులు తియ్యాల్నా?"

"వద్దు మామా. చెప్పులు గూడ మనతోటే వస్తయి కదా."

డెబ్బై ఒకటి. గంగారాం గట్టిగా చదివాడు. తర్వాత మా ఆయన, డెబ్బై ఎనిమిది. యోబు, డెబ్బై నాలుగు. నేను, అరవై నాలుగు. ఆ అంకె పైకి చదువుతుంటే తల ఎటు తిప్పుకోవాలో తెలియలేదు. ఎస్తేర్ యాభై ఎనిమిది, కామారెడ్డిలో బడికి పోయిన తారకు నేనే నలభై ఆరు చెప్పాను, వారం కిందే మెడికల్ షాపులో చూసింది. మంగవ్వ బీడీల చాట పక్కన పెట్టి ఎక్కింది. యాభై రెండు. చుట్టూ వడ్లు ఆరబోసుకుంటున్నవాళ్లు పని ఆపి చూస్తున్నారు.

అత్త మాత్రం కుప్ప పక్క నుంచి కదలలేదు. "మనుషులను కాంటా ఎక్కిస్తరా? మేకలను ఎక్కిస్తరు."

"ఎక్కు వదినె," అన్నాడు గంగారాం. "నీకు తరుగు తియ్య. పూర తూకం రాస్త."

నవ్వని వాళ్లు లేరు. అత్త కూడా మూతికి కొంగు అడ్డం పెట్టుకునే ఎక్కింది. అరవై తొమ్మిది. కాంటా తప్పు చూపిస్తున్నదని, పొద్దున్నుంచి వడ్లకు కూడా తప్పే చూపించి ఉంటుందని అంటూ దిగింది. మామ ఆ మాటకు కూడా నవ్వలేదు. ఐదు బస్తాలను కూడా ఒక్కొక్కటిగా పెట్టించారు. నలభై ఒకటి చొప్పున రెండు వందల ఐదు.

నేను మొత్తం చెప్పాను. మనుషులం ఐదు వందల పన్నెండు. బస్తాలతో ఏడు వందల పదిహేడు. మామ కళ్లు మూసుకుని పెదాలు కదిపారు.

"నూట నలభై రెండు ఎక్కువ," అన్నారు. "అంటే మూడు బస్తాల మీద."

"అవును మామా."

నాకు కాళ్ల కింద వడ్ల గింజలు గుచ్చుకుంటున్నాయి. మామ ఐదు బస్తాల దగ్గరికి పోయి, ఒకదాని మూతి దారం గట్టిగా ఉందో లేదో లాగి చూశారు. తర్వాత మా ఆయనతో, ఆదివారం పొద్దుగాల ఆరున్నరకు బండి తియ్యి, సగం మంది ముందుగాల, సగం మంది తర్వాత, రెండు మాట్లు పోదాం అన్నారు.

ఒక్క బండిల వస్తమని చెప్పినవు కదా బాపు అన్నాడు యోబు.

"బండి ఒక్కటే కదరా."

అదీ ఆయన అన్నది. కర్ర తీసుకుని చాయ్ తాగడానికి పోయారు. నేను ఊపిరి వదిలిన సంగతి పక్కన నిలబడిన ఎస్తేర్‌కు వినపడే ఉంటుంది, నా భుజం మీద చేయి వేసింది.

శనివారం రాములు రబ్బర్లు తీసేశాడు. డ్రైవరు డోరు పక్కన స్తంభం మీద ఉన్న స్టిక్కరు చూసి, వెనక టైర్లలో గాలి ముప్పై ఆరు కొట్టమన్నాను. బండి నిండుగా ఉంటే అంత ఉండాలని దాని మీదే ఉంది. ఇన్నాళ్లూ మేము ముగ్గురికి సరిపోయే గాలితోనే తిరిగాం.

ఆదివారం పొద్దున చివరి వరుస సీటు మడిచి ఐదు బస్తాలు పరిచినట్టు వేశారు, ఒకదాని మీద ఒకటి కాకుండా. మా ఆయన, మామ, అత్త, మంగవ్వ ఎక్కారు. మొత్తం నాలుగు వందల డెబ్బై ఐదు. ఇంక వంద మిగిలింది కద వదినె, బస్తాలు దించనీకె నేను గూడ ఎక్కుత అన్నాడు యోబు. ఎక్కితే లెక్క ప్రకారం తప్పు లేదు. అయినా ఆ వంద అట్లనే మిగలనియ్యి అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు. ఒకసారి తప్పు లెక్క చెప్పిన భయం కావచ్చు.

బండి ఎనిమిదికల్లా తిరిగి రావాలి. ఎనిమిదైంది. నేను, ఎస్తేర్, తార, యోబు తయారై వాకిట్లో నిలబడ్డాం. ఎనిమిదిన్నర అయింది. మా ఆయన ఫోను మోగుతోంది కానీ ఎత్తడం లేదు. మామ ఫోను ఇంట్లోనే తలగడ కింద మోగింది. ఎస్తేర్ రెండుసార్లు వీధి చివరి దాకా పోయి వచ్చింది. ఎవరినైనా మోటార్ సైకిల్ అడిగి తెస్తానని యోబు బయలుదేరాడు. నేను అరుగు మీద కూర్చుని, చేతిలో పాటల పుస్తకం ఉన్నా తెరవకుండా, నాలుగు వందల డెబ్బై ఐదు సరిగ్గా కూడానా లేదా అని మళ్లీ మళ్లీ కూడుకున్నాను. ప్రతిసారీ అంతే వచ్చింది. అయినా ఆగలేదు.

తొమ్మిదింబావుకు బండి మలుపు తిరిగింది. నెమ్మదిగా వచ్చింది. యోబు ముందు సీట్లో ఉన్నాడు, దారిలో ఎదురై ఎక్కాడట. మా ఆయన దిగారు. తెల్ల ప్యాంటు మోకాళ్ల దగ్గర మట్టి. చేతులు నల్లగా ఉన్నాయి.

"అందరు మంచిగనే ఉన్నరు," అన్నారు ముందుగా. ఆ తర్వాతే మిగతాది చెప్పారు.

ఎల్లారెడ్డికి ఆరు కిలోమీటర్లు ఉందనగా, దిగుడులో, వెనక ఎడమ టైరు పేలింది. బండి పక్కకు గుంజింది. రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని, బ్రేకు మెల్లగా తొక్కారు. ఆగింది. రోడ్డు మీదే, కాలువ అంచుకు ఇంకా దూరంగానే ఆగింది. బస్తాలు దించి, స్టెప్నీ వేసి, దారిన పోయేవాళ్లు ఇద్దరు సాయం పడితే మళ్లీ ఎక్కించి, వాళ్లను చర్చి దగ్గర దింపి వచ్చారు.

పేలిన టైరు వెనక పడేసి ఉంది. యోబు దాన్ని దొర్లించి, లోపలి వైపు వేలితో తడిమాడు. ట్రాక్టర్ టైర్లతో వేగినవాడు. "ఇది ఇయ్యాల తెగింది కాదన్నా. తీగలు చూడు, తుప్పు పట్టినయి. చాన దినాల సంది లోపల్లోపల తెగుతనే ఉన్నది."

నెల రోజుల ఆదివారాలు. మా ఆయన టైరు వైపు కాసేపు చూసి, నావైపు చూశారు. ఏడు వందల పదిహేడు కిలోలతో ఆ దిగుడులో బండి ఎక్కడ ఆగేదో, ఆ ఒక్క లెక్క ఆయన అడగలేదు. నేనూ చేయలేదు. ఎస్తేర్ చెంబుతో నీళ్లు తెచ్చి ఆయన చేతుల మీద పోసింది.

ఐదుగురం బయలుదేరాం. నలభై దాటకుండా నడిపారు. ఎవరూ తొందర పెట్టలేదు. తార ఆ నెలలో మొదటిసారి కిటికీ పక్కన, బెల్టు పెట్టుకుని, కాళ్లు చాపుకుని కూర్చుంది.

చర్చి దగ్గరికి పోయేసరికి పాటలు వినిపిస్తున్నాయి. లోపల గుమ్మడికాయలు, అరటి గెలలు, కోళ్లు, బియ్యం గిన్నెలు ముందు వరుసలో పేర్చి ఉన్నాయి. మామ లోపల లేరు. బయట వరండాలో, ఎర్ర దారపు బస్తాల పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నారు. పాస్టరుగారు రెండుసార్లు ఆయన పేరు పిలిచారట. ముందు మిగతా వాళ్లను పిలవండి, నా ఇల్లు ఇంకా దారిలోనే ఉంది అన్నారట.

మమ్మల్ని చూసి ఒక్కొక్కరినీ కళ్లతోనే లెక్కపెట్టుకున్నారు. తర్వాత లేచి, కర్ర కుర్చీకి ఆనించారు. మా ఆయన, యోబు ఒక్కొక్క బస్తా ఎత్తుతుంటే, ఆయన ప్రతి బస్తా మీదా ఒక చేయి వేసి పక్కన నడిచారు. లోపలికి ఐదుసార్లు, బయటికి ఐదుసార్లు. రెండేళ్లలో ఆయన కర్ర లేకుండా అంత దూరం నడవడం నేను చూడలేదు. టైరు సంగతి ఎవరితోనూ అనలేదు. ఎదురుపడినవాళ్లు, యాకూబన్న బండి ఆలస్యమైంది ఏంది అంటే, బరువు బండి కదా, మెల్లగ రావాలె అన్నారు.

అత్త మాత్రం ఆగలేకపోయింది. నా పక్కకు జరిగి, నోరు నా చెవి దగ్గర పెట్టింది. "ఢాం అన్నది సుధా. మీ మామ నా చెయ్యి పట్టుకున్నడు. బండి ఆగినంక గూడ ఇడువలె. మంగవ్వ చూస్తనే ఉన్నది."

నవ్వు ఆపుకోవడానికి పాటల పుస్తకంలో తల పెట్టాను. కళ్లలో నీళ్లు మాత్రం ఆగలేదు. పక్కనున్నావిడ అది భక్తి అనుకుని ఉంటుంది.

ఆరాధన అయ్యాక, ఎప్పటిలాగే, వచ్చిన కానుకలను ఆవరణలో వేలం వేశారు. మా వడ్లు ఎల్లారెడ్డి వాళ్లెవరో పాడుకున్నారు. మామ చాలాసేపు చేతులు కట్టుకుని చూసి, చివర్లో ఒక మేకపిల్ల దగ్గర నోరు విప్పారు. నల్లది, నుదుటి మీద తెల్ల మచ్చ. ఎవరో పోటీకి వస్తే ఇంకా పైకి పాడారు. అత్త వద్దని సైగ చేస్తూనే ఉంది. మేకపిల్ల మాదైంది.

మధ్యాహ్నం అన్నాలు తిని బండి దగ్గర చేరాం. ఎనిమిది మందిమి, ఒక మేకపిల్ల. మా ఆయన తాళం చేతిలో పెట్టుకుని నావైపు చూశారు. బస్తాలు లేవు కనుక బరువు సరిపోతుంది, కానీ సీట్లు ఏడే. మామ మేకపిల్లను రెండు చేతుల మీదికి ఎత్తి, ఒకసారి పైకి, ఒకసారి కిందికి ఆడించి చూసి నేల మీద దించారు.

"పదహారు, పదిహేడు కిలోలుంటది," అన్నారు. "మీ అత్త, మంగవ్వ, పిల్లలు ముందుగాల పోనీ. నేను, మేక రెండో మాటుకు వస్తం. మంచిదేనా బిడ్డా?"

మంచిదే మామా అన్నాను.

అత్త వాళ్లు ఎక్కి బెల్టులు పెట్టుకున్నారు. నేను మామ దగ్గరే ఆగిపోయాను, బండి గేటు దాటింది. మామ వరండాలో కుర్చీ లాక్కుని కూర్చుని, మేకపిల్ల తాడు వేలికి చుట్టుకుని, ఎండలోకి కాలు చాపుకున్నారు. రోడ్డు మీద బండి చప్పుడు తగ్గుతూ, సమంగా, దూరమైంది.